పెడస్టల్ – పీఠం: ఒక సమానార్థకపు చరిత్ర

స్తంభానికి గాని విగ్రహానికి గాని ఆధారంగా ఉండే కట్టడాన్ని ఆంగ్లంలో పెడస్టల్ అంటారు. తెలుగులో దానికి ‘పీఠం’ అనడం పరిపాటి. వాస్తుపరంగా ఈ సమీకరణం చాలావరకు చెల్లుతుంది. చిక్కంతా అలంకారిక ప్రయోగంలోనే.

ఈ పదం 1560ల నాటికి ఫ్రెంచి ‘పియెదెస్తాల్’ ద్వారా ఆంగ్లంలో ప్రవేశించింది. దానికి మూలం ఇటాలియన్ ‘పియెదిస్తాల్లో’. ఇందులో ‘పియె’ అంటే పాదం, ‘ది’ షష్ఠ్యర్థకం, ‘స్తాల్లో’ అంటే చోటు లేదా ఆసనం. తొలి భాగం లాటిన్ నుంచి వచ్చినది, సంస్కృత ‘పాద’ శబ్దానికి జ్ఞాతి. చివరి భాగం జర్మానిక్ భాషలది. పశువుల కొట్టానికీ అంగడికీ వాడే ఆంగ్ల ‘స్టాల్’ దాని సోదర పదమే. ఆంగ్ల వర్ణక్రమం లాటిన్ ‘పెడెమ్’ ప్రభావంతో స్థిరపడింది. ప్రాచీనాంగ్లంలో ఈ అర్థానికి ‘ఫోట్‌స్టాన్’, అనగా ‘పాదశిల’, అనే అచ్చమైన దేశ్యపదమే ఉండేది.

ఉన్న మాట పోయి ఎరువుమాట నిలవడానికి పునరుజ్జీవన కాలపు వాస్తుశాస్త్ర వ్యాప్తిని ప్రధాన కారణంగా చెప్పవచ్చు. 1562లో విన్యోలా స్తంభక్రమాలను సూత్రీకరిస్తూ పీఠం ఎత్తు స్తంభం ఎత్తులో మూడో వంతు ఉండాలని నిర్ణయించాడు. మరుసటి ఏడు జాన్ షూట్ గ్రంథంతో ఆంగ్లంలో వాస్తురచన మొదలైంది. శాస్త్రంతోపాటు పరిభాషా తరలివచ్చింది.

భారతీయ వాస్తువుతో దీనికి ముడివేసినవాడు రామ్‌రాజ్. 1834లో లండన్‌లో అచ్చయిన ఆయన గ్రంథం ఉపపీఠాన్ని పెడస్టల్‌గా, అధిష్ఠానాన్ని బేస్‌గా పరిచయం చేసింది. మానసారాన్ని అనువదించిన ప్రసన్నకుమార్ ఆచార్య కూడా ఆ మార్గాన్నే అనుసరించారు. అయితే మయమతం వేదిభద్రం, ప్రతిభద్రం, సుభద్రం అని మూడు విధాలుగా చెప్పే ఉపపీఠం ఒక్క స్తంభానికి పరిమితమైనది కాదు. అధిష్ఠానం కింద ఆలయం మొత్తానికీ ఎత్తునూ శోభనూ ఇవ్వగలదు. సాదృశ్యం ఉంది, అభేదం లేదు.

ఒక వ్యక్తిని అతిగా ఆరాధించడమనే అర్థం ఆంగ్లంలో 19వ శతాబ్ది మధ్యకాలానికి కనిపిస్తుంది. ఆ ఆరాధనలో అధికారం లేదు. విగ్రహానికి కదలిక లేనట్టే, ఎత్తున నిలిపిన మనిషికీ స్వేచ్ఛ ఉండదు. 1973లో ఫ్రాంటియెరో వర్సెస్ రిచర్డ్‌సన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి బ్రెనన్ ఈ అంశాన్నే పట్టుకున్నాడు: స్త్రీలను పీఠమెక్కించామనుకున్న దృక్పథం ఆచరణలో వారిని పంజరంలో పెట్టిందన్నాడు.

ఈ వాక్యాన్ని తెలుగు చేసేటప్పుడు ‘పీఠం’ అడ్డుపడుతుంది. పీఠాధిపతి, శక్తిపీఠం, అధికారపీఠం వంటి సమాసాల్లో అది పాలించే స్థానం, పవిత్ర క్షేత్రం. చిన్న పీఠమైన ‘పీఠిక’ గ్రంథానికి మున్నుడి అయింది. కనుక ‘స్త్రీని పీఠమెక్కించారు’ అంటే ఆమెకు అధికారం ఇచ్చారనే స్ఫురిస్తుంది. మూలంలోని వ్యంగ్యం తలకిందులవుతుంది. ‘అందలమెక్కించు’ కొంత దగ్గర, కానీ అందలం బోయీల భుజాలమీద సాగిపోయేది. కదలికలేమిని చెప్పాలంటే పత్రికలు విగ్రహాల విషయంలో నిత్యం వాడే ‘దిమ్మె’ మేలు. ‘దిమ్మెమీద బొమ్మను చేశారు’ అన్నప్పుడు ఎత్తూ నిశ్చలతా రెండూ వినిపిస్తాయి. ఇక పెడస్టల్ అన్న ఆంగ్లపదం తెలుగువారి ఇళ్లలోకి నేరుగా వచ్చింది ఫ్యాను పేరుతోనే. అక్కడ దాన్ని అనువదించవలసిన అవసరం ఎవరికీ తోచలేదు.