గోల్కొండ ముట్టడి (1687)

గోల్కొండ ముట్టడి అంటే కుతుబ్‌షాహీల దుర్గాన్ని 1687లో మొఘలు చక్రవర్తి ఔరంగజేబు సుమారు ఎనిమిది నెలల పోరాటం తర్వాత వశపరచుకున్న ఘటన. మొఘలులు 1685లోనే హైదరాబాదును దోచారు. మరుసటి ఏడు కుతుబ్‌షాహీ మంత్రులు అక్కన్న, మాదన్నలు హతులయ్యారు.

వెలిగోడ ఫిరంగులకు లొంగలేదు. మొఘలులు సొరంగాల్లో పెట్టిన మందుగుండు ఎదురుతిరిగి వారి సైనికులనే చంపింది. వానలు, కరవు, అంటురోగాలు శిబిరాన్ని కుంగదీశాయి. మొదటి నిజాము తాత ఖిలిచ్‌ఖాన్ ఫిరంగి గుండుకు బలయ్యాడు.

చివరికి కోటను గెలిచింది లంచమే. సెప్టెంబరులో కోటలోని సేనాని అబ్దుల్లాఖాన్ పన్నీ తలుపు తెరిచాడు. ఒళ్లంతా గాయాలైనా సుల్తాను సేనాని అబ్దుర్ రజాక్ లారీ పోరాడాడు. ఆ స్వామిభక్తి శత్రువులనూ కదిలించింది. సుల్తాన్ అబుల్ హసన్ తానీషా దౌలతాబాదులో బందీగా మరణించాడు.