‘వెన్’ పక్కన ‘విల్’: ఉత్తరాంధ్ర బడుల్లో ఒక తప్పు పుట్టుపూర్వోత్తరాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల హైస్కూళ్లలో ఇంగ్లీషు మాస్టారి ఎర్రసిరా ఎక్కువగా ఖర్చయ్యే వాక్యాల్లో ఒకటి ‘వెన్ హి విల్ కమ్, ఐ విల్ టెల్ హిమ్’. కాలాన్ని చెప్పే ఉపవాక్యంలో ‘విల్’ రాకూడదు, ‘వెన్ హి కమ్స్’ అనాలి అని దిద్దుతారు. తప్పు ఎందుకొస్తోందని అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: పిల్లలు తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాస్తున్నారు, అందుకే. ఈ జవాబు నిజం కాదని నా వాదన. ‘రేపు మావయ్య వచ్చేక సంతకెళ్దాం’ అంటాం. రావడం రేపటి పనే. అయినా ‘వస్తాక’ అని ఎవరూ అనరు. ‘వాడు వచ్చినప్పుడు ఇస్తాను’ అంటాం. అక్కడా ‘వచ్చిన’ అనేది పని అయిపోయినట్టు చెప్పే రూపమే. భవిష్యత్తు అనేది ప్రధాన క్రియ దగ్గర ఒక్కసారి చెబితే చాలు, ఉపవాక్యంలో మళ్లీ చెప్పనక్కర్లేదు అన్నది తెలుగు పద్ధతి. ఇంగ్లీషు పద్ధతీ అదే. రూపాలు వేరు గానీ సూత్రం ఒకటే. పిల్లవాడు తన నాలుకను నమ్ముకుని రాసి ఉంటే ఆ ‘విల్’ వచ్చేది కాదు. అది వచ్చింది ఇంటి నుంచి కాదు, బడి నుంచి. ఎలా వచ్చిందో తెలియాలంటే ఈ ప్రాంతంలో ఇంగ్లీషు చదువు నడిచిన దారి చూడాలి.

విజయనగరంలో మహారాజా వారి బడి 1857లో మొదలై 1879లో కాలేజీ అయింది. అక్కడ చదివి, అక్కడే ఉపన్యాసకుడైన గురజాడ అప్పారావు ఇంగ్లీషులో పద్యాలు అల్లగలిగినవాడు. అలాంటి ప్రతిభావంతులకు పాఠాల తీరుతో పెద్ద పని ఉండదు. మామూలు విద్యార్థి పరిస్థితి వేరు. 1892లో మొదట ప్రదర్శించి 1897లో అచ్చువేసిన గురజాడ నాటకం కన్యాశుల్కంలో, తల్లి ముచ్చట తీర్చడానికి వెంకటేశం తన గురువు గిరీశంతో ఇంగ్లీషులో మాట్లాడినట్టు నటిస్తాడు. ఇద్దరూ అప్పజెప్పేవి పుస్తకాల్లోని బట్టీ వాక్యాలు. ఒకరి మాటకూ మరొకరి మాటకూ పొంతన ఉండదు. నవ్వించే ఘట్టమే, కానీ ఆనాటి చదువు మీద అంతకన్న గట్టి సాక్ష్యం నాకు కనబడదు. వాక్యం నోటికొచ్చింది, ఎప్పుడు ఏ పని జరిగిందో చెప్పే శక్తి రాలేదు. ఆ కాలపు వ్యాకరణ పాఠంలో వాక్యాన్ని ముక్కలు చేసి ప్రతి ముక్కకూ పేరు పెట్టేవారు. నెస్‌ఫీల్డ్ వ్యాకరణాలు దేశమంతటా ఆ పద్ధతినే పాతుకునేలా చేశాయి. అదే విద్యార్థి తెలుగు గంటలో 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం చదివేవాడు. ‘వచ్చి’ క్త్వార్థకం, ‘వచ్చుచు’ శత్రర్థకం అని అక్కడ నేర్చుకునేవాడు. ఈ రెండు గంటల మధ్య వంతెన లేదు. రెండు పాఠాల్లో ఏదీ అతను ఇంట్లో వాడే ‘వచ్చేక’, ‘వచ్చీసరికి’, ‘వచ్చీటప్పుడు’ లను భాషగా లెక్కచేయలేదు. ఇంటి మాటను పక్కన పెట్టేశాక మిగిలేది పదానికి పదం సమీకరణమే. వెన్ అంటే ఎప్పుడు. విల్ అంటే జరగబోయేది. రావడం జరగబోతోంది కనుక ‘వెన్ హి విల్ కమ్’. తర్కం ప్రకారం ఇందులో లోపం లేదు. లోపమల్లా మొదటి సమీకరణంలోనే ఉంది.

ఈ చిక్కుముడి విప్పగలిగే ఆలోచన పుట్టింది కూడా ఈ నేల మీదే. ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి విజయనగరంలో గురజాడతో కలిసి చదివి, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడయ్యాడు. 1906 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాల బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్, జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగాడు. గిడుగు, గురజాడ, విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగార్ అతనితో చేతులు కలిపారు. వ్యావహారిక భాషోద్యమం అలా రాజుకుంది. యేట్స్ భాషాబోధనలో ప్రత్యక్ష పద్ధతిని నమ్మినవాడన్నది మనం తరచూ మరిచిపోయే సంగతి. భాషను ముందు విని, మాట్లాడి నేర్చుకోవాలి, అనువాదం ద్వారా కాదు అన్నది ఆ పద్ధతి. గిడుగు చూపిన రెండో సత్యం అంతకన్న లోతైనది. వాడుక భాష గందరగోళం కాదు, దానికీ కచ్చితమైన నియమాలున్నాయి. ఈ రెంటినీ కలిపి ఉంటే, పిల్లవాడి నోట్లో ఉన్న నియమం నుంచి ఇంగ్లీషు నియమానికి దారి వేసి ఉండేవారు. కానీ ఉద్యమం తెలుగు రాతను మార్చడానికే తన బలమంతా ధారపోయవలసి వచ్చింది. ఇంగ్లీషు తరగతి మొదటి సగాన్ని తీసుకుని రెండో సగాన్ని వదిలేసింది. తెలుగు మాట్లాడకూడదన్న మాట మాత్రం తరతరాలకూ మిగిలింది.

తర్వాతి కథ త్వరగా చెప్పుకోవచ్చు. 1930లలో వచ్చిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం ఇళ్లలోకి చేరింది. స్వాతంత్ర్యం తర్వాత నిర్మాణ పద్ధతి వచ్చింది, 1958లో హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థ నెలకొంది, ఆ తర్వాత సంభాషణ ప్రధానమన్నారు. పద్ధతి పేరు మారినా పదో తరగతి కుర్రాడి నోట్సులో కాలాల పట్టిక అలాగే ఉంది. ఆ పట్టిక ఇంకో తప్పునూ కన్నది. రెండు పనుల్లో ముందు జరిగినదానికి ‘హ్యాడ్’ చేర్చాలన్న సూత్రం ఒంటరిగా కంఠస్థం కావడంతో, ఒకే పని చెబుతున్నప్పుడు కూడా ‘యస్టర్‌డే ఐ హ్యాడ్ గాన్’ అని రాస్తారు. ‘నేను స్టేషనుకి వచ్చీసరికి బండి వెళ్లిపోయింది’ అన్న వాక్యం పక్కన పెట్టి, ఇక్కడ రెండు పనులున్నాయి, ఒకటి రెండోదాని కంటే ముందే ముగిసింది అని చూపిస్తే ‘హ్యాడ్’ ఎక్కడ అవసరమో దానంతట అదే తెలుస్తుంది. ‘వచ్చీసరికి’ అన్న ఒక్క మాటలో ‘బై ద టైమ్’ అర్థం మొత్తం ఇమిడి ఉంది.

నా వాదనకు గట్టి ఆక్షేపణ ఒకటుంది. తెలుగులో ‘వాడు ఎప్పుడొస్తాడో అప్పుడే చెప్తాను’ అని కూడా అంటాం కదా, అందులో భవిష్యత్తు ఉంది కదా, తప్పు అక్కణ్నుంచే రావచ్చు కదా అని. ఆ వాక్యం ఉన్న మాట నిజమే. కానీ అది పట్టుబట్టి చెప్పేటప్పటి మాట, మామూలుగా కాలం చెప్పేటప్పటిది కాదు. కళ్లంలో ధాన్యం ఉన్న రైతు ‘వాన పడీలోగా ఎత్తేయాలి’ అంటాడు గానీ మరోలా అనడు. పైగా ‘ఎప్పుడు’ అన్న రూపమే ఈ చిక్కును విప్పుతుంది. ‘ఎప్పుడొస్తాడో తెలీదు’ అన్నచోట ఇంగ్లీషులోనూ ‘ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్’ అనే అంటారు, అక్కడ ‘విల్’ ఒప్పు. ‘వచ్చినప్పుడు చెప్తాను’ అన్నచోట తప్పు. ‘వెన్ తర్వాత విల్ వాడకూడదు’ అని మాత్రమే నేర్చుకున్న విద్యార్థి మొదటి వాక్యాన్ని కూడా చెడగొడతాడు. తెలుగులో ఈ రెండు అర్థాలకూ రెండు వేర్వేరు రూపాలున్నాయి కనుక, తేడాను నిమిషంలో చూపించవచ్చు. తెలుగు వల్లనే వచ్చే తప్పులు లేవని మాత్రం అనను. ‘వెళ్తున్నప్పుడు చూశాను’ అన్నదాంట్లో ‘వెళ్తున్నప్పుడు’ ఏ కాలానికైనా సరిపోతుంది. అందుకే ‘వెన్ ఐ యామ్ గోయింగ్, ఐ సా హిమ్’ పుడుతుంది. దీనికి విరుగుడు తెలుగును దాచడం కాదు, ఆ రూపానికి సొంత కాలం లేదని చెప్పి ‘వాజ్ గోయింగ్’ ఎందుకు కావాలో చూపడం. తరగతిలో తెలుగు ప్రవేశిస్తే గంటంతా అనువాదంతోనే గడిచిపోతుందన్న భయం కూడా ఉంది. పాత అనుభవం చూస్తే ఆ భయం అకారణం కాదు. అయితే రెండు నిమిషాల పోలికకూ, గంటసేపు అర్థాలు చెప్పడానికీ మధ్య గీత గీయలేనంత అసమర్థులు కారు మన ఉపాధ్యాయులు.

2008లో ఇంగ్లీషు మాధ్యమపు సక్సెస్ పాఠశాలలతో, 2019లో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమం పెట్టాలన్న ప్రభుత్వ ఉత్తర్వుతో, ఇంగ్లీషు చదువులో ఇంటి మాటకు చోటెక్కడన్న ప్రశ్న మరింత కిందికి, చిన్నపిల్లల దాకా దిగింది. ఆ ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసినా మాధ్యమం మీద వాదం ఆగలేదు. వాదమంతా తెలుగా ఇంగ్లీషా అన్నచోటే తిరుగుతోంది. కానీ సీతంపేట, పార్వతీపురం కొండల్లో మూడో భాష ఉంది, సవర. అక్కడి సవర పిల్లవాడికి ‘వచ్చేక’ కూడా బడి భాషే. గిడుగు పర్లాకిమిడిలో ఉండగా సవరను స్వయంగా నేర్చుకుని, ఆ పిల్లల కోసం సవరలోనే పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. సవర ముండా కుటుంబపు భాష, దాని క్రియ కట్టుబడి తెలుగు క్రియకు దూరం. కాబట్టి సీతంపేట బడిలో ఇంగ్లీషు కాలవాక్యం చెప్పే ఉపాధ్యాయుడు ముందు ఆ పిల్లవాడు తన ఇంట్లో ‘నాన్న కొండ దిగేక తింటాం’ అన్నమాట ఎలా అంటాడో అడిగి తెలుసుకోవాలి. అలా అడగడానికి కావలసిన వ్యాకరణం దాదాపు వందేళ్లుగా అచ్చులో ఉంది.