గోళకి మఠం కూలిన కథ

మా సి.బెళగల్ మండలం అంచున పారే తుంగభద్ర అలంపురం దిగువన కృష్ణలో కలుస్తుంది. ఆ నీరే శ్రీశైలం కొండలు దాటి మందడం చేరుతుంది. ఆ ఒడ్డున ఒకప్పుడు గోళకి మఠం ఉండేది.

గంగకూ నర్మదకూ నడుమనున్న డాహల దేశంలో పుట్టిన శైవాచార్యుల పరంపర అది. తెలుగునాట పుష్పగిరిలో, త్రిపురాంతకంలో కొమ్మలు వేసింది. ఆ పరంపరలోని విశ్వేశ్వర శంభువు గౌడదేశస్థుడు. కాకతి గణపతిదేవుడు ఆయన దగ్గర శైవదీక్ష పుచ్చుకొని మందడం ఇస్తానని మాటిచ్చాడు. 1261లో కూతురు రుద్రమదేవి ఆ మాట నిలబెట్టింది. వెలగపూడినీ, కృష్ణ లంకలనూ కలిపి మరీ ధారపోసింది.

ఆ రాబడిని విశ్వేశ్వర శంభువు పంచిన తీరు చదివితే కళ్లు చెమరుస్తాయి. మూడు భాగాలు చేశాడు. ఒకటి గుడికి. ఒకటి మఠానికీ, చదువుకొనే పిల్లలకూ. మూడోది సత్రానికీ, ఆరోగ్యశాలకూ, ప్రసూతిశాలకూ. ఏడున్నర శతాబ్దాల కిందట ఒక సన్యాసి పురిటి మంచం మీది ఆడదాన్ని తలుచుకొని, ఊరి శిస్తులో ఆమెకు వాటా రాసి, రాతి మీద చెక్కించాడు! వేదాలు చెప్పడానికి ముగ్గురు, తర్కం, సాహిత్యం, ఆగమం చెప్పడానికి ఐదుగురు, ఒక వైద్యుడు, లెక్కలు రాసే కరణం ఒకడు. సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుడి దాకా ఎవరు ఏ వేళ వచ్చినా అన్నం పెట్టాలన్నాడు.

62 ఏళ్లు గడిచాయి. 1323లో ఢిల్లీ సేన ఓరుగల్లు కోటను పట్టుకుంది. బందీగా తీసుకుపోతున్న కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున ప్రాణం విడిచాడు. గోళకి గురువులు దిగివచ్చిన సీమ ఆ నర్మద తీరమే. ఇంగ్లండులో మఠాలు మూయించడానికి 1536 నుంచి ఎనిమిదో హెన్రీ చట్టాలే చేయవలసి వచ్చింది. ఇక్కడ రాజు పోవడమే చాలివుంటుంది. శిస్తు మఠానికి చేర్చే దిక్కు లేకపోతే వైద్యుడికి గింజలెవరు కొలుస్తారు? అన్నిటికన్నా ముందు ఆరింది ప్రసూతిశాల పొయ్యే అయివుంటుందని నా బాధ. శివుడి దీపంలో ఎవరో ఒకరు చమురు పోస్తారు. బాలింత కషాయానికి పూనుకొనేదెవరు?

ఆ దానం చెక్కించిన శాసన స్తంభం మల్కాపురంలో ఇప్పటికీ ఉంది. పక్కనే వెలగపూడిలో 2016 నుంచి రాష్ట్ర సచివాలయం నడుస్తోంది. ఊళ్లో ఆసుపత్రి కావాలని, కాన్పులకు డాక్టరమ్మను వేయాలని మా కర్నూలు జిల్లా వాళ్లు అర్జీ పట్టుకొని పోవలసింది అక్కడికే. రుద్రమ ధారపోసిన, ప్రసూతిశాలను సాకిన ఊళ్లలో అదొకటి.