న్యాయవాది లేని న్యాయము

శాసనము లెంత విపులముగా వ్రాయబడినను, వానిని బీదవానికి విప్పి చెప్పువాడు లేనిచో నవి వానికి మూతవేసిన గ్రంథములే యగును. ఆఫ్రికా ఖండమున ఆగ్నేయదిశయందున్న మలావి దేశపు చరిత్ర దీనికి దృష్టాంతము. అందుచే నా వృత్తాంతమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

ఆంగ్లేయుల పాలనలో నయాసాలాండను పేర బరగిన యా దేశము 1964లో స్వతంత్రమయ్యెను. హత్య రుజువైనచో మరణమే శిక్ష యను నిబంధనము వలసకాలమునుండి సంక్రమించెను. నేరస్థుని వయస్సును, బుద్ధిస్థితిని, నేరము జరిగిన తీరును ఎంచి శిక్ష తగ్గించుటకు న్యాయాధిపతి కధికారము లేకుండెను. అధ్యక్షుడు హేస్టింగ్సు బండా కాలమున నీ కాఠిన్యమునకు మఱియొకటి తోడయ్యెను. చిలోబ్వే హత్యల విచారణలో సాక్ష్యము చాలదని ఉన్నతన్యాయస్థానము ముద్దాయిలను విడిచిపుచ్చగా, ప్రభుత్వ మాగ్రహించి 1969లో శాసనమును మార్చి, హత్యానేరముల విచారణమును నాయకులు తీర్పరులుగా గూర్చుండు సంప్రదాయ న్యాయస్థానముల కప్పగించెను. అచ్చట ముద్దాయికి వకీలు తోడు దొరకదు. అప్పీలు ఉన్నతన్యాయస్థానమునకు బోదు.

పరదేశపు పద్ధతులను విడిచి స్వదేశాచారమును నిలుపుచున్నామని యప్పటి పాలకులు చెప్పుకొనిరి. ఆ మాట వినుటకు సొంపుగానే యున్నది. కాని యే దేశమునందైనను పెద్దల తీర్పునకు గౌరవము గలుగుట ఉభయపక్షముల మాట వినుటచేతనే కదా! ఒక పక్షపు నోరు మూసి చెప్పిన తీర్పు ఆచారము గాదు, అధికారము మాత్రమే.

ఈ యధికారము పామరులతోనే నిలిచిపోలేదు. ఆర్టన్ చిర్వా యొకప్పు డా దేశమున న్యాయశాఖామంత్రి. ఆయన భార్య వేరా చిర్వా ఆ దేశపు స్త్రీలలో మొట్టమొదటి న్యాయవాది. దేశాంతరమున నున్న యీ దంపతులు 1981లో బంధింపబడి, 1983లో నిట్టి న్యాయస్థానముననే రాజద్రోహులుగా మరణదండన పొందిరి. న్యాయశాస్త్రము నెఱిగిన వారికే న్యాయవాది లేకపోయెను. 1984లో శిక్ష యావజ్జీవ కారాగారముగా మార్చబడెను. భర్త 1992లో చెఱసాలయందే మరణించెను. భార్య 1993లో విడుదలయ్యెను.

ఆ సంవత్సరముననే ప్రజలు ఏకపక్షపాలనమును త్రోసిపుచ్చిరి. న్యాయదృష్ట్యా నవసరమైనచో ప్రభుత్వ వ్యయముతో ముద్దాయికి న్యాయవాదిని సమకూర్పవలెనని నూతన రాజ్యాంగము శాసించెను. అయినను న్యాయవాదులు బహుస్వల్పము; విచారణ లేక మ్రగ్గు ఖైదీలు పెక్కుమంది. 2000 సంవత్సరమున నాలుగు పెద్ద చెఱసాలలలో న్యాయసహాయకు లనువారు పని కారంభించిరి. వీరు వకీళ్లు గారు; తర్ఫీదు పొందిన సామాన్యులు. జామీను నెట్లు కోరవలెనో, హత్యకును హత్య గాని మారణమునకును భేదమేమో, పాటలచేతను చిన్న నాటకములచేతను ఖైదీలకు బోధించిరి. బంధువులను వెదకి పూచీదారులను దెచ్చిరి. న్యాయాధికారులే చెఱసాలకు వచ్చి నిర్బంధితుల సంగతి విచారించు పద్ధతికి దోడ్పడిరి. 2004లో న్యాయసహాయమును గూర్చి ఆఫ్రికా దేశముల ప్రతినిధులు చేసిన ప్రకటన యీ దేశపు రాజధాని లిలాంగ్వే పేరనే వెలసినది.

2007లో కఫంటయేని వ్యాజ్యమున ఉన్నతన్యాయస్థానము, హత్యకు మరణమే శిక్ష యను నిర్బంధము రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. మరణదండన రద్దు గాలేదు. శిక్షను దూచి నిర్ణయించు నధికారము న్యాయాధిపతికి వచ్చినది. పాత ఖైదీల శిక్షల పునర్విచారణ 2015లో ఆరంభమయ్యెను. పెక్కింటికి దస్త్రములు దొరకలేదు. న్యాయసహాయకులును విద్యార్థులును గ్రామములకు బోయి, బంధువులను పెద్దలను అడిగి, ఆయా ఖైదీల జీవితవృత్తాంతములను సేకరించి న్యాయస్థానమున నుంచిరి. నూర్గురికి పైగా విడుదలైరి. వారిలో బుద్ధిమాంద్యము గలవారును, నేరకాలమునకు బాలురుగా నుండినవారును గలరు. ఈ సంగతులు మొదటి విచారణయందే యడుగ దగినవి. అడుగువాడు లేకపోవుటచే నేండ్ల తరబడి మఱుగుపడియుండెను.

శాసనమును మార్చుట రాజ్యాంగకర్తల పని, తీర్పు న్యాయాధిపతుల పని. కాని చెఱసాల ద్వారము వఱకు బోయి, లోపలివాని పేరడిగి, వాని తల్లికి విచారణదినము దెలుపుట చదువు నేర్చిన యే గృహస్థునకైనను, గృహిణికైనను సాధ్యమైన పని. మలావియందు న్యాయము ముందుగా నట్టి చేతులమీదుగానే బీదవాని వద్దకు జేరినది.