చొప్ప కట్టలో దాగిన లెక్క

2004 చివరి రోజులు. హైదరాబాద్‌లో పశుగ్రాసం అమ్మే అడ్డా. లారీ నుంచి జొన్న చొప్ప కట్టలు దిగుతున్నాయి. పాల వ్యాపారి ఒకాయన కట్టలోంచి ఒక దంటు లాగి, పుటుక్కున విరిచి, ఆకు నలిపి చూశాడు.

"రాయచూరుదేనా సేటూ?"

"అసలు రాయచూరుదే. కావాల్నంటే ఇంకో కట్ట ఇప్పి చూస్కో."

"జొన్న చొప్పే కదనే, గింత రేటెందుకు?"

"అగ్గువది ఆ పక్కకుంది, తీస్కపో. బర్లు ఏది తింటయో నీకు ఎరికలేదా?"

ఆయన మారుమాట్లాడలేదు. పైసలు లెక్కపెట్టాడు.

ఈ ఇద్దరి బేరం ఊహించి రాసిందే. ధరలు మాత్రం నిజం. అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ ఇల్రీ శాస్త్రవేత్త మైఖేల్ బ్లూమెల్, పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆర్థికవేత్త పార్థసారథి రావు 2004-05లో నగరంలోని చొప్ప వ్యాపారుల దగ్గర ఆరు రకాల ధరలు నమోదు చేశారు. 'లోకల్ ఎల్లో' రకం కిలో 3 రూపాయల పైచిలుకు పలికితే, 'రాయచూరు' 4 రూపాయలకు చేరువైంది.

అన్నీ జొన్నలే అయినప్పుడు ఈ తేడా ఎక్కడిది? జవాబు మొక్క కణాల గోడల్లో ఉంది. ఆ గోడలోని సెల్యులోజ్‌లో పశువుకు కావలసిన శక్తి ఉంటుంది. తాండూరు నాపరాళ్ల మధ్య సిమెంటులా లిగ్నిన్ దాన్ని బిగించేస్తుంది. అది ఎక్కువైతే బర్రె ఎంత నమిలినా ఒంటపట్టేది తక్కువే.

ఈ అరుగుదలను కొలిచే పరీక్ష ఉంది. చొప్పను పొడి చేసి, పశువు పొట్టలోని ద్రవంతో కలిపి గాజు సిరంజీలో పోస్తారు. 39 డిగ్రీల వేడిలో 24 గంటలు ఉంచుతారు. సూక్ష్మజీవులు పొడిని తింటుంటే గ్యాస్ పుట్టి పిస్టన్ పైకి జరుగుతుంది. అది ఎంత జరిగితే అరుగుదల అంత మంచిదన్నట్టు. మార్కెట్లోని చొప్పల అరుగుదల 47 నుంచి 52 శాతం మధ్య తేలింది. ఆ అయిదు పాయింట్లకే ధరలో పావు వంతు తేడా. వ్యాపారి చేతివేళ్లు, ల్యాబు సిరంజీ ఒకే మాట చెప్పాయి.

జొన్న నుంచి ఇంధనం తీయాలన్నా ఈ కణాల గోడే అడ్డు. తీపి జొన్న దంటు రసం తేలిగ్గా పులిసి ఇథనాల్ అవుతుంది. ఇక్రిశాట్ తోడ్పాటుతో 2007లో సంగారెడ్డి దగ్గరి మహమ్మద్ షాపూర్‌లో రుస్ని డిస్టిలరీ ఆ దారే పట్టింది. కానీ రసం తీశాక మిగిలే పిప్పిని ఇంధనం చేయాలంటే లిగ్నిన్‌ను దాటాల్సిందే. అందుకే ఆకు నడిమి ఈనె గోధుమ రంగులో ఉండే, లిగ్నిన్ తక్కువున్న జొన్నలపై పరిశోధకులు పనిచేస్తున్నారు. అయితే లిగ్నిన్ మరీ తగ్గితే దంటు బలం తగ్గి పైరు పడిపోయే ప్రమాదముంది. గింజ తగ్గకుండా, పైరు పడకుండా, చొప్ప అరిగేలా చూడటమే వాళ్ల ముందున్న చిక్కు.

తాండూరు నల్లరేగళ్లలో యాసంగి జొన్న వేసే రైతులారా! విత్తనం కొనేటప్పుడు ఎకరానికి ఎన్ని క్వింటాళ్లని అడుగుతారు. చొప్ప ఎట్లుంటదని కూడా అడగండి. పశువులున్న ఇంటికి అది రెండో పంట.