శ్లాబ్ లీకేజీ: డాబా మొత్తానికి కోటింగ్ అక్కర్లేదు.. జాయింట్లు సరిచేస్తే చాలు! తక్కువ ఖర్చులో ఇలా..

వానాకాలం వచ్చిందంటే చాలు.. చాలా డాబా ఇళ్లలో సీలింగ్‌పై తడి మచ్చలు, కింద బకెట్లు. మేస్త్రీని పిలిస్తే డాబా మొత్తం చేయించాలంటాడు. ఆ ఖర్చు చూసి చాలామంది వచ్చే ఏడాది చూద్దాంలే అని వదిలేస్తారు. నిజానికి చాలా ఇళ్లలో నీళ్లు దిగేది శ్లాబ్ మధ్యలోంచి కాదు, జాయింట్ల దగ్గర. అక్కడ సరిగ్గా చేస్తే తక్కువలోనే పని అయిపోతుంది.

ఎక్కడ చూడాలి?

పిట్టగోడ, శ్లాబ్ కలిసే మూల. పాత శ్లాబ్‌కు ఆనుకుని కొత్త శ్లాబ్ వేసిన చోట గీత. వాన నీటి గొట్టం చుట్టూ. ట్యాంకు దిమ్మెల అడుగున. ముందుగా చూడాల్సినవి ఈ నాలుగే.

సీలింగ్‌పై మచ్చ ఉన్న చోటే పైన లీక్ ఉందనుకుంటే పొరపాటే. నీళ్లు శ్లాబ్ లోపల కొంత దూరం పాకి మరోచోట దిగొచ్చు. అందుకే అనుమానం ఉన్న జాయింట్ చుట్టూ మట్టితో చిన్న కట్ట కట్టి, అంగుళం ఎత్తు నీళ్లు 24 గంటలు నిలబెట్టాలి. కింద చెమ్మ వస్తే దొంగ దొరికినట్టే. లేదంటే తర్వాతి జాయింట్ చూడాలి.

సిమెంటు పూస్తే మళ్లీ ఎందుకు పగులుతుంది?

ఎండకు కాంక్రీటు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. 10 మీటర్ల శ్లాబ్ వేడిలో 30 డిగ్రీల తేడా వస్తే దాదాపు 3 మిల్లీమీటర్లు కదులుతుంది. ఇటుక పిట్టగోడ అదే లెక్కన కదలదు. ఉత్త సిమెంటు సాగదు కాబట్టి మళ్లీ అదే గీతలో బీట పడుతుంది. పైపైన తారు పూసినా ఎండకు పెళుసెక్కి పగులుతుంది.

పిట్టగోడ మూలకు ఇలా..

ఊడిపోయే పెచ్చులు, నాచు వైర్ బ్రష్‌తో గీకేయాలి. పగులును ఉలితో 10 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు తెరిచి దుమ్ము పూర్తిగా తీయాలి. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుకలో ఎస్‌బీఆర్ లేటెక్స్ కలిపి నింపాలి. ఎంత కలపాలో డబ్బాపైనే ఉంటుంది. అదే మాలుతో మూలను గుండ్రంగా, వాలుగా తీర్చితే నీళ్లు అక్కడ నిలవవు. ఒక రోజు తడిపి, తర్వాత బాగా ఆరనివ్వాలి.

ఆరాక గోడపైకి అరడుగు, శ్లాబ్‌పై అరడుగు అక్రిలిక్ వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయాలి. మొదటి పూత తడిగా ఉండగానే ఫైబర్ మెష్ అద్ది, ఆరాక దానిపై మరో రెండు పూతలు వేయాలి.

రెండు శ్లాబుల గీతకు..

ఇక్కడ కదలిక ఎక్కువ. సిమెంటు జోలికి వెళ్లొద్దు. గీతను అలాగే తెరిచి, అడుగున టేపు అంటించి, ఎండను తట్టుకునే పాలీయూరిథేన్ సీలెంట్ నింపాలి. టేపు ఉంటే సీలెంట్ రెండు పక్కలకే అంటుకుని, శ్లాబ్ కదిలినప్పుడు రబ్బరులా సాగుతుంది.

ఖర్చు లెక్క ఇదీ..

10 మిల్లీమీటర్ల గీతకు మీటరుకు 100 మిల్లీలీటర్ల సీలెంట్ పడుతుంది. అంటే 300 మిల్లీలీటర్ల ట్యూబు దాదాపు 10 అడుగులకు వస్తుంది. 30 అడుగుల పిట్టగోడ మూలకు కోటింగ్ వేయాల్సింది 30 చదరపు అడుగులే. 1,000 చదరపు అడుగుల డాబా మొత్తానికి వేసే దాంతో పోలిస్తే ఎంత మిగులుతుందో మీరే లెక్కేసుకోండి.

ఈ తప్పులు చేయొద్దు

తడి మీద కోటింగ్ వేస్తే బుడగలొచ్చి ఊడిపోతుంది. ప్లాస్టిక్ కవర్‌ను నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచి చూడాలి. లోపల నీటి ఆవిరి పడితే ఇంకా ఆరలేదన్నమాట. మిట్టమధ్యాహ్నం మండే శ్లాబ్‌పై పూతలు వద్దు. సాయంత్రం మేలు. వానలు ఇప్పటికే మొదలైతే టార్పాలిన్‌ను పిట్టగోడ పైనుంచి కప్పి, ఇసుక సంచులు పెట్టి, తెరిపి ఇచ్చాక పని మొదలుపెట్టాలి.

ఇలా ఉంటే సొంత వైద్యం వద్దు

సీలింగ్ పెచ్చులు ఊడి తుప్పు పట్టిన చువ్వలు కనిపిస్తే ఇంజినీరుకు చూపించాల్సిందే. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును లోపల్నుంచే పగలగొడుతుంది. పెచ్చులు మనుషుల మీద పడే ప్రమాదం ఉంది. ఆ గదిలో పడుకోకపోవడమే మంచిది. ఫ్యాను, లైటు దగ్గర నీళ్లు కారుతుంటే ముందు ఆ లైన్ ఎంసీబీ ఆపేయాలి. ఆ తర్వాతే బకెట్ సంగతి.