చెప్పినట్టు దొర్లే బంతి

అరచేతిలో ఇమిడే తెల్లని బంతి. మీట లేదు, తీగ లేదు, చార్జర్ గుచ్చడానికి కన్నమైనా లేదు. ఫోన్ తెర మీద వేలు కదిపితే గదంతా దొర్లుతుంది. పేరు స్ఫీరో. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ పట్టణంలో ఇయాన్ బెర్న్‌స్టీన్, ఆడమ్ విల్సన్ 2010లో దీని పని మొదలుపెట్టారు. 2011 చివరికి సుమారు 130 డాలర్ల వెలతో బజారులోకి వచ్చింది.

దీని వంశం మాత్రం పాతది. 1967లో సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్ తదితరులు పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాషను తయారుచేశారు. కొన్నేళ్లకే ఆ భాష విని నేలమీద పాకే 'తాబేలు' రోబో పుట్టింది. కింద కలం తగిలించి, 'ఫార్వర్డ్ 100, రైట్ 90' అని నాలుగుసార్లు చెబితే చతురస్రం గీసేది. అయితే దాన్ని ఆడించే కంప్యూటర్ మామూలు బడికి అందేది కాదు. 1979లో వచ్చిన బిగ్ ట్రాక్ అనే బొమ్మ బండి వీపునే మీటలు పెట్టుకుంది. 16 ఆదేశాలు గుర్తుంచుకునేది. 1998లో లెగో మైండ్‌స్టార్మ్స్ వచ్చింది. పాపర్ట్ పుస్తకం పేరే దానికి పెట్టారు.

ఆపైన స్మార్ట్‌ఫోన్ వచ్చింది. తెర, లెక్కలు చేసే మెదడు, బ్లూటూత్ అన్నీ జేబులోకి చేరాయి. ఇక బొమ్మ ఒంటి మీద మీటలెందుకు? స్ఫీరో అంత నున్నగా ఉండగలిగింది అందువల్లే.

లోపల రెండు చక్రాల చిన్న బండి ఉంటుంది. బోనులోని చక్రంలో ఎలుక పరిగెత్తినట్టు అది గోడ ఎక్కబోతుంది, బరువుకు బంతి ముందుకు దొర్లుతుంది. వంపునూ మలుపునూ పసిగట్టే సెన్సర్లు దారి తప్పకుండా చూస్తాయి. గుండ్రటి వస్తువుకు ముందేది, వెనకేది? దానికీ ఉపాయముంది: లోపలి నీలిదీపం తోక. ఆ తోకను మనవైపు తిప్పుకుంటే బంతికి దిక్కు తెలుస్తుంది.

రిమోట్‌తో తిరిగే బొమ్మలు ఎన్నో ఉన్నాయి. దీని అసలు గొప్ప, ముందే రాసిచ్చిన ప్రోగ్రామును నడపడంలో ఉంది. తాబేలు గీసిన చతురస్రాన్నే దీనితో వేయించి చూడండి. మూలల దగ్గర బంతి వేగం ఆపుకోలేక బయటికి జారుతుంది. మలుపుకు ముందు ఒక్క క్షణం ఆగమని మరో వరుస చేర్చాలి. జడత్వం గురించి పాఠం చదవకముందే పిల్లలకు అది కళ్లెదుట కనిపిస్తుంది. తప్పు ఎక్కడుందో నేలే చూపిస్తుంది, ఎవరూ కోప్పడనక్కర్లేదు.

2014లో ఈ బంతిని తయారుచేసే కంపెనీ డిస్నీ సంస్థ అంకుర సంస్థలకు నడిపే కార్యక్రమంలో చేరింది. అక్కడ డిస్నీ అధిపతి బాబ్ ఐగర్, ఇంకా విడుదల కాని స్టార్ వార్స్ సినిమాలోని బంతి రోబో చిత్రాలు వాళ్లకు చూపించారు. 2015 సెప్టెంబరులో వాళ్లు చేసిన ఆ రోబో బొమ్మ, బీబీ-8, వచ్చి విపరీతంగా అమ్ముడైంది. కానీ సినిమా మోజు సినిమాతోనే పోతుంది. 2018 చివర్లో స్ఫీరో కంపెనీ ఆ బొమ్మల తయారీ మానుకుని బడుల వైపు తిరిగింది. నా దృష్టిలో అది పుట్టింటికి చేరడమే.

ఇప్పుడు స్ఫీరో ఎడ్యు యాప్‌లో చిన్నవాళ్లు వేలితో గీత గీస్తే బంతి ఆ దారినే పోతుంది. కాస్త పెద్దవాళ్లు ఆదేశాల దిమ్మెలు పేరుస్తారు. పై తరగతుల వాళ్లు అదే బంతికి జావాస్క్రిప్ట్ రాస్తారు.